గోదారి గట్టు గీయడం



ఆదివారాలు కంప్యూటర్ గదిలో మేం ఆటలు ఆడుతున్నామని కొందరు చెప్పుకుంటున్నారట. కాదు. మేం గోదావరిని గీస్తున్నాం.

ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ అని ఒక పటం ఉన్నది. 2004లో ఇంగ్లండులో స్టీవ్ కోస్ట్ అనే ఆయన మొదలుపెట్టినారు. కంప్యూటర్లో ఖాతా తెరిచి, ఎవరైనా తమకు తెలిసిన దారినీ, బావినీ, వాగునూ అందులో గీయవచ్చును. మేం గీస్తుంటే లెక్కల సారు పక్కన కూర్చుంటారు.

బడిని గీయడం సులువు. నాలుగు మూలలు నొక్కితే అయిపోతుంది. నదితోనే చిక్కు. దాన్ని రెండుసార్లు గీయాలి. మొదట నడిమధ్య ఒక గీత, ఎగువ నుండి దిగువకే, నీరు పారినట్టు. తరువాత రెండు ఒడ్ల నడుమ నీరుండే మేర. గోదావరి పొడవేమో 1465 కిలోమీటర్లు. ఒక గీతలో 2000 చుక్కలకు మించి పట్టవు. అందుచేత ఒడ్డును ముక్కలు ముక్కలుగా గీసి, వాటిని రిలేషన్ అనే జాబితాలో కలిపి కట్టాలి. బయటి ఒడ్డు ముక్కలు ‘అవుటర్’, మధ్యలోని లంకలు ‘ఇన్నర్’.

మనం గ్రౌండులో చేతులు పట్టుకొని గుండ్రంగా నిలబడతాం చూడండి, అట్లా. ఒక్కడు చెయ్యి వదిలితే గుండ్రం పోయినట్టే. రెండు ముక్కలు ఎక్కడైనా కలవకపోతే పటంలో ఆ మేర నీళ్ళే మాయం కావచ్చును. లంకకు ఇన్నర్ అని పెట్టకపోతే వాన లేకుండానే లంక మునుగును! ఇంకెక్కడో కూర్చున్నవాళ్ళు కూడా అదే ముక్కను దిద్దుతుంటే, వెనక పంపినవారిది తీసుకోదు. ముందువారు ఏం మార్చారో చూసుకొని మళ్ళీ పంపాలి. ఈ పద్ధతి నాకు బాగా నచ్చింది. మన హాస్టల్లో బకెట్ల కాడ కూడా ఉంటే బాగుండును.

అసలు ఒడ్డు ఏది అన్నది ఇంకా కష్టం. ఉపగ్రహం ఫొటో ఎండాకాలంలో తీసిందైతే సగం ఇసుకే. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. వరదను గీయకూడదు, మామూలుగా నీరుండే చోటే గీయాలి అని సారు చెప్పినారు. మరి వచ్చిన నీరు వెనక్కి పోకపోతే?

మా తొమ్మిదో తరగతిలో ఒక మిత్రునిది దేవీపట్నం మండలం. దిగువన కట్ట లేచి, 2021లో నీళ్ళు వెనక్కి తన్నినప్పుడు వాళ్ళ ఊరు ఖాళీ అయింది. పాత ఫొటోలో ఇళ్ళు, చింతచెట్లు కనబడుతున్నాయి. కొత్త ఫొటోలో నీళ్ళే. ఒడ్డు గీతను ఊరి మీదుగా అవతలికి జరపాలి. ఊరు వాడిది కదా, నేను లేచి మౌస్ వాడికే ఇచ్చినాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తరువాత ఒక్కొక్క చుక్కే లాగినాడు. ఇళ్ళ దాకా వచ్చి, “ఒరే, బడి వెనకాల మిట్ట ఉండాలిరా, అది మునగదు” అన్నాడు. ఫొటో పెద్దది చేసి చూస్తే నిజమే, వేలెడంత పచ్చగా మిగిలి ఉన్నది. మాలో ఎవరికీ అది కనబడలేదు. దాని చుట్టూ గీసి ఇన్నర్ చేసినాం.

ఊరి పేరు తీసేయాలా అని సారును అడిగినాం. అక్కరలేదు, జనం వదిలిన ఊరు అని గుర్తు మార్చితే చాలునన్నారు. పటంలో పేరు ఇంగ్లీషులోనే ఉన్నది. తెలుగులో వాడే టైపు చేసినాడు. దీర్ఘం సరిగా పడక రెండుసార్లు చెరిపి రాసినాడు.

వచ్చే ఆదివారం కూనవరం దగ్గర శబరి కలిసే చోటు గీస్తాం. అటు పక్క ఊళ్ళవాళ్ళు ఉంటే టిఫిన్ కాగానే రండి.

– 9వ తరగతి విద్యార్థి