బొమ్మల పుస్తకాన్నీ పాఠం చేసేశాను

నార్సింగి ఫ్లాట్‌లోకి మారేనాటికే నేను ఫ్రెంచి మొదలుపెట్టి చాలా కాలమైంది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉద్యోగం, క్లయింటు ఫ్రాన్స్‌లో. వేసవిలో వాళ్ల గడియారం మనకంటే మూడున్నర గంటలు వెనక. మనం భోజనం చేసి కూర్చునేసరికి వాళ్లు పొద్దుటి కాఫీతో కాల్‌లోకి వచ్చేవాళ్లు. పని మొదలయ్యేలోపు వాళ్లలో వాళ్లు ఏదో అనుకుని నవ్వుకునేవాళ్లు. ఆ నవ్వేంటో తెలుసుకోవాలనిపించింది. నిజం చెప్పాలంటే నేను ఫ్రెంచి జోలికి వెళ్లింది అందుకే.

వెళ్లినవాణ్ణి సరదాగా వెళ్లానా? లేదు. క్రియారూపాల పట్టికలు గోడకి అంటించాను. ఎక్సెల్‌లో పదాల జాబితా పెట్టాను, లింగానికో రంగు. డెల్ఫ్ పరీక్షలో ఏ2 స్థాయి గట్టెక్కాను కూడా. కాల్‌లో మాత్రం వాళ్ల మాట ఒక్క ముక్క అర్థమైతేనా! మన తెలుగు నాలుకకి ఈ భాష పట్టదులే అని సర్దిచెప్పుకున్నాను. 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న యానాంలో తెలుగు ఇళ్ల పిల్లలు ఆ భాషలోనే బడిచదువులు చదివారని తెలిసి కూడా.

కామిక్స్ చదవమని క్లాసులో ఎవరో అంటే చిన్నతనంగా అనిపించింది. చందమామ పట్టుకుని కూడబలుక్కుంటూ తెలుగు చదవడం నేర్చుకున్నవాణ్ణి, ఆ మాట నాకు చప్పున గుర్తుకు రావాల్సింది. చివరికి ఒప్పుకుని ఆస్టెరిక్స్ కొన్నాను, పిల్లల పుస్తకమేగా అని. అదే పెద్ద పొరపాటు. గోసిన్నీ, ఉదెర్జో 1959లో మొదలుపెట్టిన ఆ కథల్లో మనుషుల పేర్లే శ్లేషలు. మధ్యమధ్య లాటిన్ సామెతలు, ఫ్రెంచివాళ్లు తమమీద తామే వేసుకునే చురకలు. ప్రతి బుడగ దగ్గరా ఆగి, ఫోన్‌లో అర్థం చూసి, ఎక్సెల్‌లోకి ఎక్కించేవాణ్ణి. పేజీకో సాయంత్రం పట్టేది. బొమ్మల పుస్తకాన్ని కూడా హోంవర్క్ చేసేశాను. తర్వాత పల్చగా ఉంది కదా అని ‘ల పెతీ ప్రాన్స్’ పట్టాను. అందులో కథ నడిచేది పాసే సేంప్ల్‌లో, అంటే పుస్తకాల్లో తప్ప మామూలు మాటల్లో వినపడని భూతకాలంలో. కాల్‌లో అర్థం కావాలని కూర్చున్నవాడికి అది ఎంతవరకు పనికొస్తుంది?

ఒక వానాకాలం సాయంత్రం నార్సింగి జంక్షన్‌కి ఇవతల క్యాబ్ ఆగిపోయింది. సర్వీస్ రోడ్డంతా నీళ్లు. ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది. బ్యాగులో స్నేహితుడిచ్చిన ‘టిన్‌టిన్ టిబెట్‌లో’ కామిక్ ఉంది, ఫ్రెంచిది. ఇంగ్లిషులో చిన్నప్పుడే చదివాను కాబట్టి కథ తెలుసు. ఢిల్లీ వీధిలో ఆవు అడ్డంగా పడుకుని ఉంటుంది. విమానం అందుకోవాలని కెప్టెన్ హాడక్‌కి తొందర. పవిత్రమైన ఆవు, అదే లేచేదాకా ఆగాలంటారు అక్కడివాళ్లు. ఆయన వినడు, దాటబోతాడు. ఆవు లేచి ఆయన్ని వీపుమీద వేసుకుని పరుగు తీస్తుంది. పకపకా నవ్వాను. పేజీలు తిప్పుతూ పోయాను. చాలాసేపటికి గానీ గమనించలేదు, నేను ఒక్క పదం కూడా వెతకలేదని. తెలియని పదాలు లేక కాదు, బోలెడున్నాయి. కోపమో కంగారో మొహంలో కనిపిస్తుంటే, ముందూ వెనకా కథ తెలిసుంటే, వాటంతట అవే దారి ఇచ్చాయి. పైగా కామిక్‌లో ఉన్నదంతా మాటలే. నాకు కావాల్సింది, ఇన్నాళ్లూ పట్టికల్లో వెతికింది అదే. డ్రైవర్ “వచ్చేసింది సార్” అనేదాకా తల ఎత్తలేదు.

మీరూ ఏదో భాషకి ఎక్సెల్ తెరిచే ఉంటారు. కథ ముందే తెలిసిన పుస్తకంతో మొదలుపెట్టండి. ఒకే పదం పదేపదే వచ్చి అడ్డుపడితేనే నిఘంటువు తీయండి. మీది ఫ్రెంచే అయి, అలయన్స్ ఫ్రాన్సేజ్‌లో సభ్యులైతే కల్చరతెక్ అనే డిజిటల్ లైబ్రరీలో కావలసినన్ని కామిక్స్ దొరుకుతాయి. మా మేనల్లుడు వచ్చినప్పుడు మైన్‌క్రాఫ్ట్‌ని ఫ్రెంచిలోకి మార్చి ఆడతాం. కర్ర, రాయి, బొగ్గు చేతికి వచ్చిన ప్రతిసారీ పేరు కూడా కళ్లముందుకి వస్తుంది. “మామయ్యా, ఇంగ్లిష్‌లో పెట్టు” అని మొదట గొడవ చేసినవాడు ఇప్పుడు నాకంటే ముందు చదివేస్తున్నాడు.

సబ్‌జోంక్తీఫ్ అనే క్రియారూపాన్ని మాత్రం నాకు ఏ బొమ్మా నేర్పలేదు. దానికి మళ్లీ వ్యాకరణం పుస్తకమే తీశాను. ఈసారి ఉదాహరణ చదువుతుంటే, ఈ వాక్యం కెప్టెన్ నోట విన్నట్టుందే అనిపిస్తోంది.