మరిచిన జ్వాద్

సాయిబులన్నాక అరబ్బీ పుట్టుకతోనే వస్తుందనుకుంటారు చాలామంది. మాకు అట్లా వచ్చింది ఉర్దూ, తెలుగు. ఉర్దూ ఇంట్లో అమ్మీ నోటి నుంచి, తెలుగు బెళుగుప్ప వీధుల నుంచి, శెనక్కాయల కళ్లాల నుంచి. మాకు కూర్చోబెట్టి నేర్పిన పరాయి భాష అరబ్బీ ఒక్కటే.

ఫజర్ నమాజ్ అయినాక మసీదు వరండాలో చాప పరిచేవాళ్లు. చేతిలో యస్సర్నల్ ఖురాన్ ఖాయిదా. అలిఫ్, బే, తే. జబర్, జేర్, పేష్. జాల్, జే, జ్వాద్, జోయ్ - ఈ నాలుగింటినీ ఉర్దూలో మేం ఒక్క తీరుగానే పలుకుతాం. అరబ్బీలో నాలుగూ వేరు. జ్వాద్ దగ్గర నాలుక తిరగక ఎన్ని బెత్తం దెబ్బలు తిన్నామో! చదవడమైతే వచ్చింది. అర్థం ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

పట్నం చదువు, పత్రిక ఉద్యోగం వచ్చినాక ఆ చదవడమూ జారిపోయింది. అబ్బా పోయిన రాత్రి యాసీన్ సూరా చదవమని పుస్తకం చేతికిచ్చినారు. అక్షరాలు కనబడుతున్నాయి, కలవడం లేదు. రోజూ మాటలు రాసి బతికే మేం అబ్బా తలాపున మూగవాళ్లమైపోయినాం. పక్కింటి పదేళ్ల పిల్ల పుస్తకం తీసుకుని గడగడా చదివింది.

కొన్నాళ్లకు లెక్కలు తేల్చుకుందామని, అబ్బా కౌలుకు చేసిన చేని ఆసామి దగ్గరికి పోయినాం. "ఏమప్పా సాయిబూ, ఆ రాత్రి మీ దేశం బాసలో ఏందో సదివినారంటనే" అన్నాడాయన. వెక్కిరింపు కాదు. అయినా 'మీ దేశం' గుచ్చుకుంది. తర్వాత లెక్క ఎత్తినాడు. కౌలు ఇంత, వసూలైంది ఇంత, బాకీ ఇంత.

అప్పుడు తట్టింది మాకు. ఆయన మాట్లాడుతున్నది ఏంది? కౌలంటే అరబ్బీలో మాట, ఇచ్చిన మాట. బాకీ అంటే మిగిలింది. వసూలు, ఫసలీ, హక్కు, ఆఖరికి రైతు - అన్నీ ఆ భాషవే, ఫారసీ కచ్చేరీల మీదుగా తెలుగులోకి వచ్చినవే. మేం దెబ్బలు తిన్న ఆ జ్వాద్‌తోనే మొదలవుతుంది జిల్లా అనే మాట! ఆయన ఏ మక్తబ్ గడపా తొక్కలేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే నేల ఇది. అదీ పడని ఏడు ఆయనకూ బాకీయే. ఇంక ఆ మాట మరిచేదెట్ల?

అర్థం తెలియకుండా నేర్చింది మమ్మల్ని విడిచిపోయింది. బతుకుతో పాటు నోట్లోకి వచ్చింది ఊరందరికీ మిగిలింది. ఆయన బాకీని, కౌలును మేం పరాయివి అనం. ఈ దేశంలోనే పుట్టి, 1950 నుంచి రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో ఉన్న మా అమ్మీ ఉర్దూనూ ఎవరూ పరాయిది అనొద్దు. మేం అడిగేది ఇంతే.

మా నష్టం మాత్రం మాదే. దానికి ఇంకొకరిని అనలేం. ఈమధ్య మా కూతురి పక్కన కూర్చుని మళ్లీ ఖాయిదా తెరిచినాం. ఈసారి ఒక్కో మాటకూ పక్కన అర్థం రాసుకుంటున్నాం, తెలుగులో. జ్వాద్ దగ్గర నాలుక ఇంకా తిరగడం లేదు.