రెండు డెల్టాలు... ఒకటే తీగ!

సంక్రాంతి పూట కొత్తపేట నడిబొడ్డున నిలబడితే పక్కనున్న మనిషి మాట కూడా వినిపించదు. ఒక వీధిలోంచి డప్పులు, మరో వీధిలోంచి సన్నాయి, మధ్యలో బ్యాండు మేళం, నెత్తి మీద తారాజువ్వలు! వెదురుతో కట్టి రంగురంగుల బట్టలు చుట్టిన ప్రభలు జనం భుజాల మీద ఊగుతూ వస్తుంటే మేడల మీదా, అరుగుల మీదా ఎక్కడ చూసినా మనుషులే.

ఆ హోరులో కాస్త చెవి ఒగ్గి వింటే ఓ తమాషా సంగతి తెలుస్తుంది. డప్పు మనదే. డోలు, సన్నాయి మనవే. మరి బ్యాండులో మోగే ఆ క్లారినెట్‌, ట్రంపెట్‌? అవి ఐరోపా నుంచి ఓడెక్కి వచ్చినవి. అయినా వాటిని పరాయివని కొత్తపేటలో ఎవరూ అనుకోరు. మేళం అంటే అవీ ఉండాల్సిందే!

బయటి నుంచి వచ్చిన వాయిద్యాన్ని ఇంటి మనిషిని చేసుకోవడం ఈ నేలకు కొత్త కాదు. ఆ అలవాటు ఎంత దూరం తీసుకెళ్లిందో తెలియాలంటే కొత్తపేటలో బస్సెక్కి పాలకొల్లు దాకా వెళ్లాలి. మధ్యలో ఒక్కసారి అమెరికా కూడా వెళ్లి రావాలి!

మోసేవాళ్లదే పాట

రావులపాలెం నుంచి అమలాపురం వైపు వెళ్లే దారిలో ఉంటుంది కొత్తపేట. కొబ్బరి చెట్లు, అరటి తోటలు, కాలువ గట్లు... ఊరి చుట్టూ అన్నీ పుణ్యక్షేత్రాలే. పలివెలలో కొప్పేశ్వరుడు, మందపల్లిలో శనీశ్వరుడు, వానపల్లిలో పళ్లాలమ్మ. ఎందరో ప్రముఖుల విగ్రహాలు మలిచిన శిల్పి రాజకుమార్‌ వుడయార్‌ది ఈ ఊరే. మనిషి రూపాన్ని కంచులో పోసి నిలబెట్టొచ్చు. పాటకు ఆ వీలు లేదు. ఒకరు పాడుతూ ఉంటేనే, ఇంకొకరు వింటూ ఉంటేనే అది బతుకుతుంది.

కోనసీమలో ఆ పని ఇన్నాళ్లూ ఎక్కువగా చేసింది పేరున్న విద్వాంసులు కాదు. జాతరలో తల మీద గరగ పెట్టుకుని, డప్పు దెబ్బకు అడుగు వేసేవాళ్లు. భజన మందిరంలో హార్మోనియం పెట్టె ముందు కూర్చునే రైతులు. నాట్లప్పుడు ఒకరు అందుకుంటే పది మంది కలిపే కూలి తల్లులు. ప్రభల తీర్థంలో మోసేవాళ్లే కేకలు వేస్తారు, మోసేవాళ్లే చిందేస్తారు. జగ్గన్నతోట తీర్థానికైతే పచ్చని చేలల్లోంచి, కౌశిక కాలువ నీళ్లలోంచి కూడా ప్రభల్ని భుజాల మీదే దాటిస్తారు. 2023 గణతంత్ర దినోత్సవాన దిల్లీ కర్తవ్యపథ్‌లో ఆంధ్రప్రదేశ్‌ శకటంగా నడిచింది ఈ ప్రభల తీర్థమే.

ఈ పాటల విలువ గుర్తించి ఊళ్లలోంచి ఏరి తెచ్చినవాళ్లూ గోదావరి జిల్లావాళ్లే. కాకినాడ ఆడపడుచులు వింజమూరి సీత, అనసూయ జానపదాలను రేడియోలోకి, సభా వేదికల మీదికి తీసుకొచ్చారు. చేలో పుట్టిన పాటకు పట్నంలో పీట వేశారు.

సరిగ్గా ఇలాంటి కథే ప్రపంచానికి అవతలి వైపునా జరిగింది.

ఆ డెల్టాలోనూ అంతే!

అమెరికాలో మిసిసిపీ నది పక్కన ఉన్న పల్లపు నేలనూ 'డెల్టా' అనే అంటారు. మనకు వరి, కొబ్బరి ఎలాగో వాళ్లకు పత్తి అలాగ. ఆ పత్తి చేలల్లో పనిచేసిన నల్లజాతి కూలీల గొంతుల్లోంచి వచ్చిన పాటే బ్లూస్‌. గుండెలోని దుఃఖాన్ని గిటారు తీగ మీద పెట్టడమే దాని విద్య.

అక్కడి స్టోవల్‌ అనే పెద్ద కమతంలో పనిచేసే మడ్డీ వాటర్స్‌ అనే యువకుడి పాటల్ని 1941లో జానపద పరిశోధకుడు అలన్‌ లోమాక్స్‌ అమెరికా జాతీయ గ్రంథాలయం కోసం రికార్డు చేశాడు. రెండేళ్ల తర్వాత వాటర్స్‌ షికాగో వెళ్లిపోయాడు. పట్నం సందడిలో మామూలు గిటారు ఎవరికి వినిపిస్తుంది? కరెంటు గిటారు పట్టాడు. పల్లె పాటకు కరెంటు తోడైంది. 1960ల్లో ఇంగ్లండ్‌ కుర్రాళ్లు ఆ రికార్డులు విని పిచ్చెత్తిపోయారు. రోలింగ్‌ స్టోన్స్‌ అనే ప్రఖ్యాత బృందం పేరు కూడా ఆయన పాట నుంచి పెట్టుకున్నదే. ఇవాళ మనం క్లాసిక్‌ రాక్‌ అంటున్న సంగీతానికి వేళ్లు వెతికితే ఆ చేల గట్ల మీదే దొరుకుతాయి.

అందుకేనేమో, జానపదం ఇష్టపడే చెవికి పాత రాక్‌ పాట కూడా తొందరగానే పడుతుంది. మాటలు అర్థం కాకపోవచ్చు. దరువు మాత్రం తెలిసినట్టే ఉంటుంది.

దారి పొడవునా రాగాలే

కొత్తపేటలో ఎక్కిన ప్రయాణం అంబాజీపేట చేరేసరికి కొబ్బరికాయల రాశులు ఎదురొస్తాయి. అక్కణ్నుంచి గన్నవరం. వైనతేయ పాయ మీద అక్విడక్టు. కింద నది తన దారిన తాను పోతుంటే, దాని మీదుగా కాలువ ఇంకో దారిన పోతుంటుంది. రెండు ప్రవాహాలు, ఒకే చోట!

ఈ దారిలో గుడి మైకు ఎంత వినిపిస్తుందో, చర్చి పాట కూడా అంతే వినిపిస్తుంది. పందొమ్మిదో శతాబ్దంలోనే మిషనరీలు నరసాపురం చేరిన ప్రాంతమిది. చర్చిల్లో కొన్ని కీర్తనలు మన రాగతాళాల్లో సాగితే, కొన్ని పాశ్చాత్య బాణీల్లో నడుస్తాయి. పల్లెటూరి పిల్లలు ఎందరో గిటారును, కీబోర్డును దగ్గరగా చూసేది అక్కడే. ఇక తీర్థాల్లో, పెళ్లిళ్లలో పాడే ఆర్కెస్ట్రాలు సరేసరి. పగలంతా దుకాణంలోనో, బడిలోనో, పొలంలోనో పనిచేసి సాయంత్రం గిటారు భుజానికి తగిలించుకునేవాళ్లు గోదావరి జిల్లాల్లో తక్కువేం కాదు. అది వాళ్లకు జీతం ఇచ్చే పని కాదు... జీవం పోసే పని!

ఇంకాస్త ముందుకెళితే రాజోలు. ఆ ప్రాంతంలోని శంకరగుప్తంలోనే 1930 జులై 6న మంగళంపల్లి బాలమురళీకృష్ణ పుట్టారు. ఆయన గానం గురించి తెలుగువాళ్లకు చెప్పాలా! అయితే ఆయన పాశ్చాత్య వాద్యమైన వయోలా మీదా కర్ణాటక సంగీతం పలికించారన్నది కొందరికే గుర్తు. వాద్యం ఎక్కడిదని కాదు, అది ఏం పలుకుతుందన్నదే ఆయనకు లెక్క.

'శంకరాభరణం' చూసినవాళ్లకు ఓ సన్నివేశం గుర్తుండే ఉంటుంది. రాత్రిపూట శంకరశాస్త్రి ఇంటి ముందు కుర్రాళ్లు పాశ్చాత్య వాద్యాలతో గోల చేస్తారు. శాస్త్రి బయటికొచ్చి కోప్పడి ఊరుకోడు. వాళ్ల బాణీనే స్వరాల్లో పెట్టి పాడి వినిపిస్తాడు. సంగీతంలో మనదీ వాళ్లదీ అంటూ గోడ లేదని చెబుతాడు. ఆ సినిమా వచ్చింది 1980లో. అప్పటికే దిండి దగ్గర వశిష్ఠ పాయకు అవతల, పాలకొల్లులో పుట్టిన ఓ బుడతడు ఆ గోడను నిజంగానే పడగొట్టే పనిలో ఉన్నాడు.

చేతికందిన మాండలిన్‌

చించినాడ వంతెన దాటితే పాలకొల్లు. పంచారామాల్లో ఒకటైన క్షీరారామ గోపురం కనిపించే ఊరు. అక్కడ 1969 ఫిబ్రవరి 28న పుట్టాడు ఉప్పలపు శ్రీనివాస్‌. తండ్రి సత్యనారాయణకు సంగీతమంటే ప్రాణం. ఇంట్లో ఆయన మాండలిన్‌ ఉండేది. ఆరేళ్ల వయసులో శ్రీనివాస్‌ దాన్ని తీసి మీటడం మొదలుపెట్టాడు. పిల్లాడి చేతి వాటం చూసిన తండ్రి 'ముట్టుకోకు' అనలేదు. కొత్త మాండలిన్‌ కొనిచ్చి తానే నేర్పాడు.

ఇక్కడ ఇంకో విచిత్రం. 1971లో ఇంగ్లండ్‌లోని ఓ పాత భవనంలో లెడ్‌ జెప్లిన్‌ బృందం పాటలు కట్టుకుంటోంది. గిటారిస్టు జిమ్మీ పేజ్‌ ఓ రాత్రి తోటి వాద్యకారుడి మాండలిన్‌ కనిపిస్తే చేతిలోకి తీసుకున్నాడు. అంతకుముందు దాన్ని వాయించిందే లేదు. మీటుతూ మీటుతూ ఉంటే ఓ పాట తయారైంది. అదే 'ద బ్యాటిల్‌ ఆఫ్‌ ఎవర్‌మోర్‌'. దానికి గొంతు కలపడానికి పిలిచింది శాండీ డెన్నీ అనే జానపద గాయనిని. రాక్‌ అభిమానులు నేటికీ చెప్పుకునే పాట అది.

అక్కడో మాండలిన్‌, ఇక్కడో మాండలిన్‌. రెండు చోట్లా జరిగింది ఒకటే... వాద్యం చేతికి అందేంత దూరంలో ఉండటం!

శ్రీనివాస్‌కు ఏడేళ్ల వయసులో గిటారిస్టు వాసూరావు పాశ్చాత్య సంగీతం పరిచయం చేశారు. తర్వాత తండ్రికి గురువైన రుద్రరాజు సుబ్బరాజు శిష్యుడిగా చేర్చుకున్నారు. ఆయన చెంబై వైద్యనాథ భాగవతార్‌ శిష్యులు. మాండలిన్‌ వాయించడం గురువుకు రాదు. అయితేనేం! ఆయన పాడేవారు, శిష్యుడు విని తీగ మీద పలికించేవాడు. వాద్యం ఇటలీది, విద్య తంజావూరుది, చెయ్యి గోదావరిది!

కరెంటు తగిలితే...

మాండలిన్‌తో ఓ చిక్కుంది. మామూలుగా దానికి ఎనిమిది తీగలు, జంటలు జంటలుగా ఉంటాయి. మీటిన నాదం చటుక్కున ఆగిపోతుంది. కర్ణాటక సంగీతానికి ప్రాణం గమకం. స్వరం నిలవాలి, సాగాలి, ఊగాలి. నాదమే నిలవకపోతే గమకం ఎక్కడిది? శ్రీనివాస్‌ కరెంటు మాండలిన్‌ పట్టాడు. జంట తీగలు పోయి ఒంటి తీగలు వచ్చాయి. చివరికి అయిదు తీగల వాద్యం ఆయన గుర్తుగా నిలిచింది.

1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ. 1981లో మద్రాసు సంగీత సీజన్‌లో ప్రవేశం. సినిమా పాటలకు వాడే కరెంటు వాద్యంతో త్యాగరాజ కీర్తనలా అని సంప్రదాయవాదులు కొందరు పెదవి విరిచారు.

ఆ పెదవి విరుపు ప్రపంచానికి కొత్త కాదు. 1965 జులై 25న అమెరికాలోని న్యూపోర్ట్‌ జానపద ఉత్సవంలో బాబ్‌ డిలన్‌ కరెంటు గిటారుతో వేదికెక్కితే కొందరు అభిమానులే అరిచి గోల చేశారు. జానపదానికి తీగ తగిలించి పాడు చేశాడని వాళ్ల బాధ. ఇప్పుడు ఆ రోజును రాక్‌ చరిత్రలో ఓ మలుపు అంటున్నారు. డిలన్‌కు 2016లో సాహిత్యంలో నోబెల్‌ బహుమతే వచ్చింది.

మద్రాసులోనూ పెదవి విరిచినవాళ్లు కొద్ది రోజులకే చప్పట్లు కొట్టారు. 1983లో బెర్లిన్‌ జాజ్‌ ఉత్సవం ఆ పిల్లవాణ్ని పిలిచింది. 1995లో కెనడా గిటారిస్టు మైఖేల్‌ బ్రూక్‌తో కలిసి 'డ్రీమ్‌' అనే ఆల్బమ్‌ చేశాడు. దాన్ని విడుదల చేసింది ప్రఖ్యాత రాక్‌ గాయకుడు పీటర్‌ గేబ్రియల్‌ నెలకొల్పిన రియల్‌ వరల్డ్‌ సంస్థ. 1998లో పద్మశ్రీ. ఆ తర్వాత గిటారిస్టు జాన్‌ మెక్‌లాఫ్లిన్‌, తబలా మాంత్రికుడు జాకిర్‌ హుస్సేన్‌లతో 'రిమెంబర్‌ శక్తి' బృందంలో దేశదేశాల వేదికలెక్కాడు. గిటారు ఓ సంగతి వేస్తే మాండలిన్‌ మరో సంగతి. ఒకరు అడగడం, ఒకరు బదులివ్వడం... అచ్చం తీర్థంలో రెండు మేళాల పోటీలాగే!

2014 సెప్టెంబరు 19న, నలభై అయిదేళ్లకే శ్రీనివాస్‌ చెన్నైలో కన్నుమూశాడు. తమ్ముడు రాజేష్‌ చేతిలో ఆ మాండలిన్‌ నాదం కొనసాగుతోంది.

ఆ పెట్టె తెరిచి ఉంచాలి

తిరుగు ప్రయాణంలో కొత్తపేట చేరేసరికి చీకటి పడుతుంది. ఏ వీధిలోనో పెళ్లి ఊరేగింపు. ఇప్పుడు ముందు నడిచేది చాలాచోట్ల మేళం కాదు... డీజే బాక్సులు. చప్పుడుకు లోటు లేదు, వాయించే చెయ్యే కనపడదు. బ్యాండు వాళ్లకు పిలుపులు తగ్గితే వాళ్ల పిల్లలు క్లారినెట్‌ ఎందుకు నేర్చుకుంటారు?

కరెంటును తిట్టి లాభం లేదు. షికాగోలో పత్తి చేను పాటను, మద్రాసులో త్యాగరాజ కీర్తనను నాలుగు కాలాలు నిలబెట్టింది ఆ కరెంటే. తేడా ఒక్కటే. అక్కడ తీగకు ఆ చివర ఓ మనిషి ఉన్నాడు. వేళ్లు నొప్పి పుట్టేదాకా సాధన చేసిన మనిషి!

అలాంటివాళ్లు ఈ చుట్టుపక్కల ఊళ్లలో ఇంకా ఉన్నారు. పాత ఇంగ్లిష్‌ రాక్‌ పాటను ఫోనులో విని, వెనక్కి జరిపి మళ్లీ విని, గిటారు మీద వెతుక్కునే కుర్రాళ్లున్నారు. తాత పాడిన తత్వాన్ని హార్మోనియం మీద పట్టుకునే పిల్లలున్నారు. వాళ్లలో అందరూ విద్వాంసులు కాకపోవచ్చు. కానక్కర్లేదు కూడా. శ్రీనివాస్‌ తండ్రి మాండలిన్‌ ఇంట్లో ఉంచుకున్న నాడు అది ప్రపంచం చుట్టి వస్తుందని అనుకుని ఉండడు. ఇష్టం కొద్దీ ఉంచుకున్నాడు, అంతే.

అటక మీద దుమ్ము పట్టిన హార్మోనియం ఉంటే ఈ వారం కిందికి దించండి. పిల్లలు పాడు చేస్తారని బీరువా మీద పెట్టిన గిటారు ఉంటే గోడకు వేలాడదీయండి... ఆరేళ్ల చేతికి అందేంత ఎత్తులో.