మొదటి భార్యల లెక్క

న్యూయార్క్‌లో ఓ ఎత్తైన భవనం. బయటి అద్దాలు తుడిచే పనివాళ్లకోసం తాళ్లతో వేలాడదీసిన బల్లమీద ముగ్గురు ఆడవాళ్లు. మాజీ భర్తగారి ఇంట్లోకి దొంగతనంగా దూరి, అతగాడి లెక్కల కాగితాలు వెతుకుతుంటే ఇంట్లోవాళ్లు రానే వచ్చారు. తప్పించుకునే దారిలేక కిటికీలోంచి బయటపడ్డారు. ఇప్పుడా బల్ల సర్రున కిందికి జారుతోంది. కెవ్వుకెవ్వున కేకలు. హాలంతా నవ్వులు!

1996లో వచ్చిన హాలీవుడ్ సినిమా 'ది ఫస్ట్ వైవ్స్ క్లబ్' పేరు చెబితే చాలామందికి గుర్తొచ్చేది ఈ సన్నివేశమే. ఇంతగా నవ్వించే సినిమా మొదలయ్యేది మాత్రం ఓ చావుతో.

కాలేజీలో నలుగురు స్నేహితురాళ్లు. 1969లో, పట్టా అందుకున్నరోజున సింథియా మిగతా ముగ్గురికీ ముత్యాలహారాలు కానుకగా ఇస్తుంది. ఎవరికి ఏ అవసరమొచ్చినా వచ్చి వాలాలని అనుకుంటారు. ఆ తరవాత షరా మామూలే... పెళ్లిళ్లు, పిల్లలు, ఎవరి సంసారం వాళ్లది. పాతికేళ్లు దాటాక సింథియాని వదిలేసి భర్త మరో చిన్నదాన్ని పెళ్లాడతాడు. ఆమె ప్రాణం తీసుకుంటుంది. ముగ్గురూ మళ్లీ కలుసుకునేది అంత్యక్రియల్లోనే. కూర్చుని కష్టసుఖాలు చెప్పుకుంటే ముగ్గురిదీ ఒకటే కథ.

బ్రెండా (బెట్ మిడ్లర్) భర్తకి ఎలక్ట్రానిక్స్ దుకాణాలున్నాయి. ఆ వ్యాపారం నిలదొక్కుకున్నది ఆమె రెక్కల కష్టంతో. అనుభవిస్తున్నది మాత్రం కొత్తగా వచ్చిన కుర్రపిల్ల. ఎలీస్ (గోల్డీ హాన్) పేరున్న నటి. మొగుణ్ని నిర్మాతని చేసింది ఆవిడే. ఆ పెద్దమనిషి ఓ కుర్ర హీరోయిన్ వెంట పోవడమే కాదు, భార్యే తనకి భరణం ఇవ్వాలంటాడు! ఆనీ (డయాన్ కీటన్)ది ఇంకో చోద్యం. కాపురం చక్కబడుతుందని ఏ డాక్టరమ్మని నమ్ముకుందో, భర్తగారి సరసం ఆవిడతోనే.

సవతుల జుట్టు పట్టుకోవడంతో ఆగిపోతే ఇది మరో పగ కథ అయ్యేది. వీళ్లు లెక్కలు తీస్తారు. ఎవరి సొమ్ముతో ఎవరు పైకొచ్చారు, ఏ వాటా ఎవరిది అని ఆరా తీస్తారు. చివరికి మొగుళ్ల ముక్కుపిండి వసూలుచేసి, సింథియా పేరుమీద కష్టాల్లో ఉన్న ఆడవాళ్లకోసం ఓ కేంద్రం తెరుస్తారు. లోపాల్లేవని కాదు. కుర్ర అమ్మాయిల్ని బుర్రలేని బొమ్మల్లా చూపించడం అన్యాయమే.

సరిగ్గా అదే 1996లో మన దగ్గర ఇ.వి.వి. సత్యనారాయణ 'ఇంట్లో ఇల్లాలు వంటింట్లో ప్రియురాలు' తీశారు. అదీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వించిందే. కాకపోతే, వెంకటేష్ ఎక్కడ దొరికిపోతాడోనని మన గుండెలు అతడికోసం కొట్టుకున్నాయి. అక్కడేమో దొరకాలని!

అమెరికా సినిమాకి మూలం ఒలీవియా గోల్డ్‌స్మిత్ 1992లో రాసిన నవల. పెదాలకి ఇంజెక్షన్లు పొడిపించుకుని వయసు దాచుకోవాలని ఎలీస్ పడే తంటాలు తెరమీద భలే నవ్విస్తాయి. నవల రాసినావిడ మాత్రం 2004లో, అందంకోసం చేయించుకునే ఆపరేషన్‌లో మత్తుమందు వికటించి చనిపోయారు.

సినిమా విడుదలనాటికి నటీమణులు ముగ్గురికీ యాభై ఏళ్లు. ఆ వయసు హీరోయిన్లని పెట్టుకుంటే ఎవరు చూస్తారన్న భయం హాలీవుడ్‌లో ఎప్పుడూ ఉన్నదే. అందుకే ముగ్గురూ పారితోషికం తగ్గించుకుని మరీ చేశారు. జనం విరగబడి చూశారు. ప్రపంచవ్యాప్తంగా 18 కోట్ల డాలర్లకి పైగా వసూళ్లు! 'టైమ్' పత్రిక ముఖచిత్రంమీద ముగ్గురి ఫొటో!

రెండేళ్లకి స్టూడియోవాళ్లు రెండోభాగం తీద్దామంటూ వచ్చారు. పారితోషికం? అప్పుడు తగ్గించుకున్నదే మళ్లీ ఇస్తామన్నారు. అదే ముగ్గురు మగవాళ్లయితే మారుమాట్లాడకుండా పెంచి ఉండేవారని గోల్డీ హాన్ చాలా ఏళ్ల తరవాత ఓ ఇంటర్వ్యూలో వాపోయారు. ఎవరి కష్టంతో ఎవరు సంపాదించారన్న ప్రశ్న చుట్టూ తిరిగిన సినిమాకే ఆ గతి పట్టింది! రెండోభాగం రానేలేదు. 2020లో ఈ ముగ్గురితోనే 'ఫ్యామిలీ జ్యువెల్స్' అని ఇంకో సినిమా ప్రకటించారు. అదీ తెరమీదికి చేరలేదు.

2025 అక్టోబరులో డయాన్ కీటన్ కన్నుమూశారు. ఆమెని తలచుకుంటూ గోల్డీ హాన్ ఓ పాత ముచ్చట బయటపెట్టారు. వయసు మళ్లాక స్నేహితురాళ్లంతా కలిసి ఒకేచోట ఉందామని అనుకున్నారట. ఆ ముచ్చట తీరలేదు.

సినిమా ఆఖర్లో ముగ్గురూ తెల్లటి దుస్తుల్లో, 1963 నాటి లెస్లీ గోర్ పాట పాడుకుంటూ, చిందులేస్తూ వీధిలోకి నడిచి వెళ్లిపోతారు. అంతకు కాసేపటిముందే, తిరిగొస్తానన్న భర్తకి ఆనీ అక్కర్లేదని చెప్పేసి వచ్చింది. ముగ్గురిలో ఎక్కువగా నవ్వుతున్నది ఆవిడే.