ఆ ఒక్క మాటకు తెలుగు

ఒహాయోలో కొలంబస్ శివారున ఉంటాను. ఆసుపత్రులకు, కోర్టులకు, కౌంటీ ఆఫీసులకు తెలుగు ఇంటర్‌ప్రెటర్‌గా వెళ్తుంటాను. ఇన్నేళ్ళలో ఎన్నో కష్టమైన మాటలు తెలుగులో చెప్పాను గానీ, ఒక ఇంట్లో ఒక్క మాట దగ్గర నా గొంతు తడారిపోయింది. ఆ కుటుంబం ఆనవాళ్ళేమీ చెప్పను. చెప్పాల్సింది ఆ మాట గురించే.

జనవరి నెల. చంటిదానికి ఐదో నెల. కాన్పుకొచ్చిన అమ్మమ్మ ఆరు నెలల గడువు తీరి ఇండియా వెళ్ళిపోయింది. తండ్రి ప్రాజెక్టు వేరే రాష్ట్రంలో. శుక్రవారం రాత్రి వచ్చి ఆదివారం సాయంత్రం వెళ్ళిపోతాడు. తల్లికి నిద్ర లేదు, తిండి సయించదు, ఊరికే ఏడుపొస్తుంది. ఒకరోజు పొద్దున ఆమె కళ్ళు మూతపడిన కాసేపటికి నాలుగేళ్ళ పిల్లాడు తలుపు తీసుకుని పార్కింగ్ లాట్‌లోకి వెళ్ళిపోయాడు. కాళ్ళకు చెప్పులు లేవు, ఒంటిమీద కోటు లేదు, బయట మంచు. పొరుగావిడ చూసి కౌంటీకి ఫోన్ చేసింది.

కౌంటీ కేస్‌వర్కర్ రెండోసారి వచ్చినప్పుడు నన్ను పిలిచారు. ఆమె సోఫాలో కూర్చుని కాగితం చదువుతూ, పిల్లవాడు ‘క్యాండిడేట్ ఫర్ ఫోస్టర్ కేర్’ అంది. ఫోస్టర్ కేర్ అంటే బిడ్డను ఇంటినుంచి తీసుకెళ్ళి వేరేచోట పెంచే ప్రభుత్వ ఏర్పాటు. నేను ఉన్నదున్నట్టు ‘ఫోస్టర్ కేర్‌కు అభ్యర్థి’ అన్నాను. పాలసీసా ఊపుతున్న ఆ తల్లి చెయ్యి అలాగే ఆగిపోయింది. ‘‘అంటే నా బిడ్డ పేరు లిస్టుకెక్కిచ్చిన్రా అక్కా?’’

ఇంటర్‌ప్రెటర్ సొంతంగా ఒక్క ముక్క కలపకూడదు. అందుకే ఆ మాటకు అర్థమేమిటో తల్లికి విడమరిచి చెప్పమని కేస్‌వర్కర్‌నే అడిగాను. ఆమె పెన్ను పక్కనపెట్టి నెమ్మదిగా చెప్పింది. ‘‘బాబును తీసుకెళ్ళడానికి రాసిన మాట కాదిది. మీ దగ్గరే ఉంచడానికి రాసింది. ఈ మాట రాస్తేనే మీకు సాయం మంజూరవుతుంది.’’

ఆ రాత్రి ఇంటికొచ్చి ఆ మాట వెనకున్న చట్టం గురించి చదువుకున్నాను. 2018 ఫిబ్రవరి 9న సంతకమైన ‘ఫ్యామిలీ ఫస్ట్ ప్రివెన్షన్ సర్వీసెస్ యాక్ట్’ అది. అంతకుముందు ఫోస్టర్ కేర్ కోసం కేంద్రం రాష్ట్రాలకిచ్చే పెద్ద నిధి, అంటే టైటిల్ ఫోర్-ఈ డబ్బు, దాదాపుగా బిడ్డ ఇల్లు దాటాకే కదిలేది. బిడ్డ గడప దాటకముందే అందులోంచి ఖర్చుపెట్టే వీలు ఈ చట్టంతో వచ్చింది. తల్లిదండ్రుల మానసిక వైద్యం, మత్తు అలవాట్ల చికిత్స, పిల్లల పెంపకంలో ఇంటికే వచ్చి నేర్పే తోడ్పాటు, ఈ మూడు రకాల సేవలు పన్నెండు నెలల వరకూ ఇస్తారు. అవసరముంటే మళ్ళీ పరిశీలించి పొడిగిస్తారు.

అర్హత ఎవరికి? సాయం అందకపోతే ఫోస్టర్ కేర్‌కు వెళ్ళే ముప్పు దగ్గరపడి, సాయం అందితే ఇంట్లోనో బంధువుల దగ్గరో క్షేమంగా ఉండగల బిడ్డకు. ఫోస్టర్ కేర్‌లో ఉంటూ గర్భవతి అయిన లేదా బిడ్డను కన్న పిల్లలకు. బిడ్డతోపాటు ఆ తల్లిదండ్రులకు, పెంచుతున్న అమ్మమ్మ, తాతయ్య, పిన్నిలాంటి బంధువులకు కూడా సేవలు వర్తిస్తాయి. వీటికి కుటుంబ ఆదాయం లెక్కలోకి రాదు. ఫోస్టర్ కేర్ ఖర్చు కేంద్రం భరించాలంటే ఇప్పటికీ 1996 నాటి ఆదాయ పరిమితులే చూస్తారు. ఈ సేవలకు ఆ షరతు లేదు. ‘మాకు జీతాలున్నాయి, ఇవి పేదవాళ్ళ కోసం’ అనుకునే మనవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. ఆ తల్లి జబ్బుకు జీతంతో పనిలేదు.

మనలో సీపీఎస్, అంటే పిల్లల రక్షణ చూసే ప్రభుత్వ విభాగం, అనే మాట వింటేనే వణుకు. ఆ భయం ఉత్తదని నేననను. పిల్లల్ని తీసుకెళ్ళడానికి అనుమతివ్వమని కోర్టును కోరే అధికారం వాళ్ళకుంది. 2023 సెప్టెంబరు చివరినాటికి ఈ దేశంలో సుమారు 3,43,000 మంది పిల్లలు ఫోస్టర్ కేర్‌లో ఉన్నారు. కానీ భయంతో అన్నీ దాచుకుంటే జబ్బు ముదురుతుంది, ముప్పు పెరుగుతుంది.

ఈ చట్టంలో నన్ను బాధపెట్టేది ఒకటుంది. ముప్పు ముంచుకొచ్చాకే ఈ తలుపు తెరుచుకుంటుంది. ఎంత దగ్గరపడితే ముప్పు అనాలో చట్టం చెప్పలేదు, రాష్ట్రాలకే వదిలేసింది. నిద్రలేని ఆ తల్లి డిసెంబరులోనే అడిగి ఉంటే, ఈ లెక్కలో బహుశా ఆమె పేరు చేరేది కాదు. అప్పటికి వేరే తలుపులున్నాయి. అవి ఉన్నాయని మన ఇళ్ళల్లో తెలియదు.

ఆమెకు కౌన్సెలింగ్ మొదలైంది. వారం వారం ఒకావిడ ఇంటికొచ్చేది. తలుపుకు పైన గడియ బిగించారు. భర్త మేనేజరుతో మాట్లాడి ఇంటినుంచి పనిచేసే ఏర్పాటు చేసుకున్నాడు. ఏప్రిల్‌లో వెళ్ళినప్పుడు ఆ సేవల ప్లాన్ కాగితం ఫ్రిజ్ తలుపుమీద అయస్కాంతం కింద ఉంది. దానిమీద పిల్లాడు ఎర్ర క్రేయాన్‌తో సూర్యుణ్ణి గీశాడు. ఆమె నాకు టీ ఇస్తూ అంది: ‘‘ముందే అడగొచ్చని ఎవ్వరూ చెప్పలే అక్కా.’’

అందుకే చెబుతున్నాను. బాలింతకు రోజులు గడిచినా దిగులు తగ్గకపోతే 1-833-852-6262కు ఫోన్ చేయండి. తల్లుల మానసిక ఆరోగ్యం కోసమే 2022లో పెట్టిన జాతీయ నంబరు అది, రాత్రీపగలూ పలుకుతుంది. మీ ఊళ్ళో ఏ సాయం దొరుకుతుందో తెలియకపోతే 211. కౌంటీ వాళ్ళే తలుపు తడితే, పిల్లలచేతో భర్తచేతో మాట చెప్పించకండి. కేంద్ర నిధులు తీసుకునే ఆఫీసు మీ భాషలో మాట్లాడే మనిషిని ఉచితంగా ఏర్పాటు చెయ్యాలి. 1964 నాటి పౌరహక్కుల చట్టం ఇచ్చిన హక్కు అది. సంతకం పెట్టేముందు ప్రతి మాటకూ అర్థం అడగండి. ఇంగ్లీషు తడబడితే మూడు మాటలు చాలు: ‘తెలుగు ఇంటర్‌ప్రెటర్, ప్లీజ్.’