సత్యభామ లేఖతో మొదలుపెట్టి ఉంటే

కూచిపూడి,
కార్తీక మాసం.

ప్రియమైన పాఠకులకు,

కిందటి నెల మీరు రాసిన ఉత్తరాల్లో మూడింటిలో ఒకే బాధ కనిపించింది. ఒకరు తల్లికి చదవడం నేర్పుతున్నారు. ఒకరు తండ్రికి ఫోనులో డబ్బు పంపడం చూపిస్తున్నారు. మరొకరు పొదుపు సంఘంలో ఆడవాళ్ళకి లెక్కల పుస్తకం రాయడం చెబుతున్నారు. రెండు రోజులు బాగానే కూర్చుంటారట, మూడో రోజు "ఈ వయసులో నాకెందుకులే" అని లేచి వెళ్ళిపోతారట. ఏం చెయ్యాలని అడిగారు.

అలాంటి మాటే నేను మా ఇంట్లోనూ విన్నాను. మా నాయనమ్మది వేలిముద్ర. అయినా భామాకలాపం ఆటలో సత్యభామ కృష్ణుడికి పంపే లేఖ ఆవిడకి మొదటినుంచి చివరిదాకా కంఠతా వచ్చు. చిన్నప్పటినుంచీ పందిట్లో చాప వేసుకుని, తెల్లవార్లూ చూసిన ఆట అది. వేషధారి ఎక్కడైనా ఒక మాట మింగేస్తే కూర్చున్నచోటి నుంచే అందించేది. అక్షరాస్యత ఉద్యమం రోజుల్లో నేను రాత్రిబడిలో చదువు చెప్పడానికి ఒప్పుకున్నప్పుడు, మొదట వచ్చి కూర్చున్నది ఆవిడే. నేను పలక చేతికిచ్చి, వేలు పట్టుకుని "అ" దిద్దించాను. వారం రోజులు ఓర్చుకుంది. ఎనిమిదో రోజు పలక గూట్లో పెట్టేసి, "నన్ను చంటిపిల్లని చేశావురా" అంది. మళ్ళీ రాలేదు.

అంత లేఖ నోటికొచ్చిన మనిషి ముందు ఆ లేఖనే పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలని నాకు తట్టలేదు. తట్టేసరికి ఆవిడ లేదు.

తర్వాత పాలో ఫ్రెయిరీ అనే విద్యావేత్త గురించి చదివాను. 1963లో బ్రెజిల్‌లోని అంజికోస్ అనే ఊళ్ళో, మూడువందల మంది కూలీలకి నలభై గంటల్లో చదవడం, రాయడం నేర్పే ప్రయత్నం చేశారాయన. ఆయన పద్ధతిలో ముందుగా వాళ్ళ మాటలు వినాలి. వాళ్ళు రోజూ వాడే మాటలు ఏరుకోవాలి. 'ఇటుక' లాంటి మాట తీసుకుని, దాని చుట్టూ వాళ్ళ బతుకు గురించి మాట్లాడించి, ఆ తర్వాతే దాన్ని అక్షరాలుగా విడదీయాలి.

మన దగ్గర నెల్లూరు జిల్లాలో జరిగిందీ దాదాపు ఇదే. అక్కడి అక్షరాస్యత వాచకంలో 'సీతమ్మ కథ' అనే పాఠం ఉండేది. మొగుడి సారా తాగుడుకి బలైన ఇల్లాలి కథ అది. చదివిన ఆడవాళ్ళకి అది తమ ఇంటి కథే అయింది. 1992 నాటికి ఆ జిల్లాలోని దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాని నిషేధించక తప్పలేదు. తమ గోడు పాఠంలో కనబడితే పెద్దవాళ్ళు ఎంత దూరమైనా నడుస్తారు.

ఇక మా పొలాల్లో పెద్దవాళ్ళు నేర్చుకునే సంగతి. ఈ రోజుల్లో డెల్టా రైతుకి నిద్రపట్టనివ్వనిది సుడిదోమ. అది మొదళ్ళలో చేరి రసం పీలిస్తే చేను సుడులు సుడులుగా ఎండిపోతుంది. ఇండోనేషియా కూడా ఈ దోమతోనే అల్లాడింది. మందులు ఎక్కువైతే దోమని తినే సాలీళ్ళు చచ్చి దోమ ఇంకా పెరుగుతుందని తెలిసి, 1986లో అక్కడ వరి మీద 57 రకాల పురుగుమందులు ఆపేశారు. ఆ తర్వాత, 1989లో రైతుల కోసం పొలంలోనే బడి పెట్టారు. మనం పొలంబడి అంటున్నది దాన్నే.

పొలంబడిలో వారానికోసారి పాతిక ముప్పై మంది రైతులు పొద్దున్నే చేలో దిగుతారు. దుబ్బు పాయలు తీసి, మొదలు దగ్గర చేత్తో తడితే నీళ్ళమీద రాలిన దోమల్ని లెక్కపెడతారు. గట్టుమీదకొచ్చి, పెద్ద కాగితం మధ్యలో వరిదుబ్బు, ఒక పక్క శత్రు పురుగులు, ఇంకో పక్క మిత్ర పురుగులు గీస్తారు. ఎవరైనా "ఇదేం పురుగండీ?" అని అడిగితే, నేర్పేవాళ్ళు పేరు చెప్పరు. "ఎక్కడ దొరికింది? అక్కడేం చేస్తోంది?" అని ఎదురడుగుతారు. కుండీలో వరి మొక్క పెట్టి, వలగుడ్డ కప్పి, అందులో దోమల్నీ ఒక సాలీడునీ వదులుతారు. మర్నాడు ఎన్ని దోమలు మిగిలాయో రైతే లెక్కపెట్టుకుంటాడు. ఇక ఆ సాలీడు సంగతి ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. పరీక్ష కూడా చేలోనే. ప్రశ్న ఉన్న అట్టనుంచి దారం, ఆ ప్రశ్న దేని గురించో ఆ మొక్క దాకా కట్టి ఉంటుంది. జవాబు అనుకున్న పెట్టెలో చీటీ వేస్తే చాలు. చదువు రాదని ఎవరూ తలవంచుకోనక్కర్లేదు.

ఈ పద్ధతి చూశాక, పక్కింటి పిన్నిగారి దగ్గర చదువు చెప్పడం మళ్ళీ మొదలుపెట్టాను. ఆవిడ రోజూ పాడే మంగళహారతి కాగితం మీద రాసిచ్చాను. పాడుతూ వేలు వరస వెంట జరుపుకుంటూ పోయింది. 'మంగళం' అన్న మాట రెండోసారి రాగానే వేలు ఆగింది. "ఇది ఇందాకటిదేగా!" అంది. ఆ రోజు ఇంకేమీ చెప్పలేదు నేను. మర్నాడు ఆవిడే కాగితం పట్టుకుని వచ్చింది.

అందుకని మీకు చెప్పేది ఇది. మీ అమ్మగారికి ఏం వచ్చో ముందు అడిగి తెలుసుకోండి. ఆవిడకి కావలసింది మనవరాలి ఫొటో చూడటమైతే, ఫోను పాఠం అక్కడే మొదలుపెట్టండి. ఫోను ఆవిడ చేతిలోనే ఉండనివ్వండి. ఆలస్యమవుతోందని లాక్కుని మీరే నొక్కేయొద్దు. పూటకి ఒక్క పని చాలు. నలుగురిలో "నిన్ననే చెప్పానుగా" అనొద్దు, ఆ ఒక్క మాటకే మనసు విరిగిపోతుంది. నాలుగో రోజున ఆవిడ చేత ఇంకొకరికి చెప్పించండి.

ఈ వారం మీ ఇంట్లో పెద్దవాళ్ళకి నోటికొచ్చిన పాటో, పద్యమో, సామెతో ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి వాళ్ళ చేతిలో పెట్టండి. వాళ్ళ వేలు ఏ మాట దగ్గర ఆగిందో నాకు రాయండి.

మీ ఉత్తరాల కోసం ఎదురుచూస్తూ,
మీ కూచిపూడి మిత్రుడు