బ్రౌజరు కూలిన వేళ

స్కాలర్‌షిప్పు దరఖాస్తుకు గడువు ఆ రాత్రియే ముగియును. విద్యార్థి సగము నింపునంతలో ఇంటి కంప్యూటరులోని బ్రౌజరు తనంతట తానే మూతపడును. తెరచినను మరల మూతపడును. పాపము, అందరును మొదట యంత్రమునే నిందింతురు. 2008లో వెలువడిన క్రోములో ట్యాబులు వేర్వేరు ప్రక్రియలుగా నడచుటచే, ఓడలోని అరలవలె ఒకటి చెడినను తక్కినవి సాధారణముగా నిలుచును. అయినను బ్రౌజరంతయు కూలుచున్నచో, ముచ్చటపడి చేర్చుకొన్న ఎక్స్‌టెన్షనులను ముందుగా అనుమానింపవలెను. అన్నింటిని ఆపి, ఒక్కొక్కదానినే మరల తెరువగా, ఏది తెరచినపుడు బ్రౌజరు కూలునో అదియే దొంగ! ఫైర్‌ఫాక్సులో ఇందులకే ‘ట్రబుల్‌షూట్ మోడ్’ కలదు.

దొంగ దొరకనిచో, హార్డ్‌వేర్ యాక్సిలరేషన్‌ను ఆపి చూడవలెను. అపుడు బొమ్మలు గీయు భారము గ్రాఫిక్సు చిప్పునుండి ప్రధాన ప్రాసెసరుపై పడును. వేగము కొంత తగ్గును గాని, బ్రౌజరు కూలకుండ నిలువవచ్చును.